ఓనరమ్మ పాడిన ‘ఆ…’

2023 డిసెంబర్లో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు మా సాలిగ్రామం వీధిలో కరెంటు పోయి రెండు రోజులు రాలేదు. వీధిలో మోకాళ్ళ దాకా నీళ్ళు, మోటార్ ఆడదు కాబట్టి ట్యాంకులో మాత్రం చుక్క లేదు (చెన్నైలో ఉన్నోళ్ళకి ఇది కొత్తేం కాదు), ఫోన్లో సిగ్నల్ లేదు, ఉన్న కాస్త చార్జింగు ఊళ్ళో అమ్మకి ఒక్క కాల్ అన్నా కలుస్తుందేమోనని దాచుకుంటున్నాం. ఇక్కడ మమ్మల్ని ముంచేసి అది తీరిగ్గా పైకి పోయి బాపట్ల దగ్గర తీరం దాటింది, అంటే ఇక్కడ మేము, అక్కడ కావలిలో మావాళ్ళు, ఒకరి గురించి ఒకళ్ళు భయపడతా కూర్చున్నామన్నమాట.

రెండో రోజు సాయంత్రానికి ఇంట్లో కూర్చోలేక మూడు పోర్షన్ల వాళ్ళం మెట్ల మీద చేరాం. కింద పోర్షన్ ఓనరమ్మది, పైన మాది, మా ఎదురుగా మామి వాళ్ళది. రెండు కొవ్వొత్తులు, మామి తెచ్చిన మురుకులు, దోమలు. పిల్లలు అంత్యాక్షరి అన్నారు. భాష రూల్ లేదు, తమిళం తెలుగు హిందీ ఏదైనా ఓకే. మామి కొడుకు ఏదో కొత్త పాట పాడి ‘ప’ మీద ఆపాడు. నాకు చటుక్కున ‘బృందావనమది అందరిది’ తట్టింది, పాడేశా. మా ఆవిడ వెంటనే, ‘ప’ ఇస్తే ‘బ’ ఎట్టా పాడతావ్ అంది. మామికి ఆ గొడవే అర్థం కాలేదు. తమిళంలో రెండింటికీ ఒకటే అక్షరం కదా, ఆవిడ లెక్కలో నేను పాడింది కరెక్టే. కరెక్టే అని ఊరుకోకుండా నాతోపాటు గొంతు కలిపి పాడ్డం మొదలెట్టింది, ట్యూన్ అచ్చం అదే, మాటలు మాత్రం వేరే. ‘బృందావనముమ్ నందకుమారనుమ్’ అని.

పాట అయ్యాక నేను ఊరుకోవచ్చుగా, ఊరుకోలేదు. మామీ, ఇది మా మిస్సమ్మ పాట, మీరు దాన్ని తమిళంలోకి తీసుకున్నారు అన్నా. ఆవిడ నవ్వి, ఇదు ఎంగ మిస్సియమ్మా పాట్టు, మీరే తీసుకున్నారు అంది. ఇంక చూడండి. చెక్ చేద్దామంటే నెట్ లేదు. మామూలు రోజుల్లో అయితే అరనిమిషంలో తేలిపోయే గొడవ, ఆరోజు రెండు గంటలు నడిచింది, నిజం చెప్పాలంటే ఇన్నేళ్ళలో నేను చేసిన బెస్ట్ గొడవ అదే.

నేను: పాడినాయన ఏ.ఎం.రాజా, చిత్తూరు జిల్లా మనిషి. సుశీల గారిది విజయనగరం. ఇద్దరూ మావాళ్ళే.

మామి: అయితే ఏం, సుశీలమ్మకి నేషనల్ అవార్డు ఇప్పించింది మా తమిళ పాట. (నిజమే. ఉయర్ంద మనిదన్ లో ‘నాళై ఇంద వేళై’కి వచ్చింది, అసలు గాయనికి ఆ అవార్డు ఇవ్వడం మొదలెట్టిందే ఆవిడతో.)

నేను: జానకమ్మది గుంటూరు జిల్లా.

మామి: ఆవిడకీ మొదటి అవార్డు తమిళానికే, సెందూరపూవే.

నేను: శంకరాభరణం!

ఇది వేశాక ఇంక అయిపోయింది, గెలిచేశా అనుకున్నా. మామి మురుకు నముల్తా తీరిగ్గా చెప్పింది, శంకరాభరణానికి మ్యూజిక్ చేసిన మహదేవన్ నాగర్‌కోయిల్ పక్క మనిషి, అందులో పాడి అవార్డు తెచ్చుకున్న వాణీ జయరామ్ మా వెల్లూరు అమ్మాయి అని. అక్కడ నా నోరు మూతపడింది. మీరెప్పుడైనా ఆలోచించారో లేదో గానీ కె.వి.మహదేవన్ గారికి తెలుగు అంతంతమాత్రం, ముందు పాట రాయించుకుని ఆ సాహిత్యానికి బాణీ కట్టేవారు, అంటే భాష రాని మనిషి మాటల్ని పట్టుకుని దాని నడకని బట్టి ట్యూన్ చేశాడు. మనం ‘మాది మాది’ అని గుండెల మీద చెయ్యేసుకునే పాట అది.

మూడో రోజు కరెంటొచ్చాక ఫోన్ చార్జింగ్ పెట్టిన మొదటి అయిదు నిమిషాల్లో నేను చూసింది అమ్మ మిస్డ్ కాల్స్ కాదు, (అమ్మా సారీ) మిస్సమ్మ రిలీజ్ డేటు. తెలుగు మిస్సమ్మ 1955 జనవరి 12, తమిళ మిస్సియమ్మ జనవరి 14. విజయా వాళ్ళు రెండూ ఒకేసారి తీశారు, డైరెక్టర్ ఎల్.వి.ప్రసాద్ ఒక్కరే, సావిత్రి రెండిట్లోనూ ఉంది, ఎన్టీఆర్ ప్లేసులో అక్కడ జెమినీ గణేశన్. రెండు రోజులు ముందు మాదే అని గబగబా ఎదురు తలుపు కొట్టా. మామి, అయ్యో అది పొంగల్ రిలీజ్ గదా, పండక్కి కరెక్టుగా మాది వచ్చింది, మీది తొందరపడింది అంది. పైగా అదే ట్యూన్ 1957లో హిందీ మిస్ మేరీలో కూడా వాడారు, రఫీ, లతా పాడారు. ఇంక వాళ్ళూ వచ్చి మాదే అంటే ఏం చేస్తాం.

సరే, అసలు నేను రాయాలనుకుంది దీని గురించి కాదు. ఆ రోజు మెట్ల మీద ఇంకోటి జరిగింది, దానికి ముందు కొంచెం నా సోది వినాలి.

నేను చెన్నై వచ్చింది 2009లో. గిండీలో ఒక కంపెనీలో అకౌంట్స్ పని, మొదటి ఏడాది మేన్షన్లో (ఇక్కడ బ్యాచిలర్ల లాడ్జిని అట్లా అంటారు) ఆరుగురం ఒక గదిలో. పినాకినీ రైలెక్కితే కావలి నాలుగ్గంటలు కూడా లేదు, అయినా అమెరికా పోయినంత బెంగ నాకు. భాష రాదు, సాంబార్లో తీపి, ఆటో అతను ఏమన్నాడో తెలీక అడిగినంతా ఇచ్చేయడం. రాత్రి పూట చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పాత తెలుగు పాటలు వింటా పడుకునేవాణ్ణి, ‘వెన్నెల్లో గోదారి అందం’ వస్తే ఏడుపొచ్చేది. మాది పెన్నా పక్క, గోదారి నేను అప్పటికి చూసింది కూడా లేదు, రైల్లో దాటడం తప్ప. అయినా ఏడిచా. ఊరికి దూరంగా ఉన్నవాడికి ఏ నదైనా ఒకటే అనుకుంటా.

తర్వాత తర్వాత తెలిసిందేంటంటే ఆ గోదారి వెన్నెలకి బాణీ కట్టినాయన తేని జిల్లా పణ్ణైపురం మనిషి. వేటూరి గారు రాయడం, జానకి గారు పాడటం, ఇళయరాజా గారు మ్యూజిక్, సితార కి జానకి గారికి నేషనల్ అవార్డు, ఇదంతా జరిగింది నేను గోదారి కోసం ఏడుస్తా పడుకున్న ఊళ్ళోనే. అసలు నేను ఊరి మీద బెంగతో విన్న పాటలు ముప్పాతిక భాగం ఈ ఊరివే. వడపళని, కోడంబాక్కం, టీ నగర్, సాలిగ్రామం, ఈ నాలుగు పేటల్లో తయారై రైలెక్కి, సిలోన్ రేడియో ఎక్కి మా ఊరొచ్చాయి. మా నాన్న మీనాక్షి పొన్నుదురై గొంతు కోసం రేడియో చెవి మెలిపెడతా కూర్చునేవాడంట. ఊళ్ళో ఉన్నప్పుడు ఆ పాటలు చెన్నైవి అని తెలీదు, చెన్నై వచ్చాక అవి ఊరివి అనుకుని విన్నా. తిక్కంటే ఇదే.

వడపళని మాల్ ఉంది కదా, ఆర్కాట్ రోడ్డు మీద, పక్కనే విజయా హాస్పిటల్. ఆ మాల్ ఉన్న చోటే ఒకప్పుడు విజయా వాహినీ స్టూడియో. మాయాబజార్ అక్కడే తీశారు. నాకు ఆ సంగతి తెలిసేటప్పటికే ఆ మాల్ ఎస్కలేటర్ ఓ యాభై సార్లు ఎక్కి దిగుంటా. ‘లాహిరి లాహిరి లాహిరిలో’లో ఆ వెన్నెల కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ పుట్టించిన వెన్నెల అని చదివాక ఒకసారి పనిగట్టుకుని పోయి, కింద ఫ్లోర్లో ఐస్‌క్రీమ్ కౌంటర్ పక్కన నిలబడి ఎక్కడుండొచ్చు ఆ సెట్టు అని చుట్టూ చూశా. సెక్యూరిటీ అతను ఎన్న సార్ తేడ్రీంగ, ఏం వెతుకుతున్నారు, అన్నాడు. ఏం చెప్పాలి, నిలా (చందమామ) అన్నా. ఆయన పైన ఫ్లోర్ అని చెయ్యి చూపించాడు, ఏదో షాపు పేరనుకున్నట్టున్నాడు.

ఆ పాట కూడా తమిళంలో ఉంది, ‘ఆహా ఇన్బ నిలావినిలే’, పాడింది రెండిట్లోనూ ఘంటసాల, లీల. ‘వివాహ భోజనంబు’ మాత్రం మనకి మాధవపెద్ది సత్యం, వాళ్ళకి తిరుచ్చి లోగనాథన్, ‘కల్యాణ సమయల్ సాదం’. మామి వాళ్ళ పెద్దాయన భోజనం బాగున్న ప్రతి ఆదివారం అది పాడతాడు. బాగోకపోతే పాడడు, అదే మామికి రిపోర్టు.

ఈ జంట పాటల పిచ్చి నాకు అప్పుడే పట్టుకుంది. గీతాంజలిలో ‘ఆమనీ పాడవే’ మనకి బాలు గారు, తమిళ డబ్బింగులో ‘కావియమ్ పాడవా’ పాడింది మనో, అంటే సత్తెనపల్లి మనిషి తమిళానికి. ‘మౌనమేలనోయి’, ‘మౌనమాన నేరం’ రెండూ బాలు, జానకి గార్లే, కానీ వరసగా వినండి, తెలుగులో ఆ ‘నోయి’ దగ్గర మాట జారి పోతుంది, తమిళంలో ‘నేరం’ దగ్గర ఆగి నిలబడుతుంది, ఒకటే ట్యూన్ అయినా నాకు రెండు వేరు వేరు రాత్రుల్లాగా ఉంటాయి. తెలుగుదే ఎక్కువ ఇష్టం, అది మాత్రం మామి ముందు ఒప్పుకోవాల్సిన పని లేదు. ‘చిన్ని చిన్ని ఆశ’ గురించి అయితే నాకు వేరే గౌరవం ఉంది, తమిళ నోటి కదలికకి సరిపడేలా తెలుగు మాట పడాలి, పడ్డాక అది డబ్బింగు మాటలా ఉండకూడదు, రాజశ్రీ గారు అది ఎంత తేలిగ్గా చేసినట్టు కనిపిస్తారో. మా చెల్లెలికి చాలా ఏళ్ళు అది తమిళ పాట అని తెలీదు.

అన్నిట్లోకీ నాకు నచ్చే ముక్క మాత్రం మరో చరిత్రలోది. ‘ఏ తీగ పువ్వునో’ మధ్యలో సుశీల గారు పాడతా ఉంటే కమల్ హాసన్ ‘అప్పడియన్నా’ అంటాడు, అంటే ‘అంటే ఏంటి’ అని, ‘అర్థం కాలేదా’ అని ఈవిడ. తమిళ అబ్బాయికి తెలుగు అమ్మాయి పాట అర్థం కావట్లేదు, అదే పాట. ఆ సినిమా ఇక్కడ మౌంట్ రోడ్డు సఫైర్ థియేటర్లో డబ్బింగ్ కూడా లేకుండా తెలుగులోనే ఏడాది దాటి ఆడింది. ఇప్పుడా థియేటర్ లేదు. మేన్షన్లో ఉన్నప్పుడు రోజుకి పది సార్లు నేను అన్న మాట అదే, అప్పడియన్నా. కాకపోతే నాకు సుశీల గారి గొంతుతో ఎవరూ చెప్పలేదు, మెస్ ఓనరు చెప్పేవాడు.

ఇంక మెట్ల దగ్గరికి రండి.

నేనూ మామీ అరుచుకుంటుంటే ఓనరమ్మ కింది మెట్టు మీద దీపం వత్తులు చేస్తా కూర్చుంది. ఆవిడకి డెబ్బై దాటుంటాయి. వీళ్ళు ఎన్ని తరాల కిందో ఇటొచ్చిన నాయుళ్ళు, ఇంట్లో తెలుగే, కానీ ఆ తెలుగు మన తెలుగు కాదు, ‘ఉండాది’ ‘చెప్తా ఉండాను’ అంటా మధ్యలో తమిళం దొర్లుతుంది, లిపి రాదు, చదువంతా తమిళంలోనే. నన్ను తంబీ అంటుంది, నేను ఆంటీ అంటా. అద్దె ఒకటో తారీఖు దాటితే తంబీ కాస్తా సార్ అయిపోతుంది, అది వేరే విషయం.

మేమిద్దరం అలిసిపోయి ఊపిరి తీసుకున్నప్పుడు ఆవిడ ఉన్నట్టుండి ‘ఆ…’ అని మొదలెట్టింది. రాగం తీస్తా పైకెళ్ళి, అక్కడో చిన్న మెలిక తిరిగి, మెట్లు దిగినట్టు నెమ్మదిగా కిందికి దిగి ఆగింది. గట్టిగా పదిహేను సెకన్లు ఉండదు. గొంతు వణికింది గానీ శ్రుతి ఎక్కడా తప్పలేదు, పిల్లలు కూడా నోరు మూశారు. ఏ పాట ఆంటీ అన్నా.

‘‘అది తెలిస్తే నేనెందుకు ఇట్ల కూర్చోని ఉంటా తంబీ, మాకిచ్చింది ఇంతే’’ అంది.

అప్పుడు చెప్పింది. 1977 నుంచి 88 దాకా ఈవిడ సినిమా పాటల్లో కోరస్ పాడింది. పన్నెండేళ్ళుగా ఆ ఇంట్లో అద్దెకుంటున్నా నాకు తెలీదు, మామికి తెలీదు, ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు అంటే, ఏముంది చెప్పేదానికి, బాలుతో పాడినాను అంటే ఏ పాట అని అడుగుతారు, ఏ పాటో నాకే తెలీదు అంటే నవ్వుతారు, అందుకే అంది.

2020 సెప్టెంబర్ 25 నాకు అప్పుడు గుర్తొచ్చింది. బాలు గారు పోయిన రోజు. శుక్రవారం మధ్యాహ్నం, నేను ఇంట్లోంచే పని చేస్తున్నా, టీవీలో వార్త రాగానే మామి ఇంట్లోంచి తమిళ పాటలు, మా ఇంట్లోంచి తెలుగు పాటలు, కిటికీలు తెరిచే ఉన్నాయి కాబట్టి రెండూ మెట్ల మీద కలిసిపోతున్నాయి. ఓనరమ్మ ఇంట్లో మాత్రం చప్పుడు లేదు. నేను పాలు ఇద్దామని దిగితే ముందు గదిలో టీవీ ఆపేసి, మొహం గోడ వైపు తిప్పుకుని పడుకుని ఉంది. అందరం ఏడుస్తున్నాం కదా, ఆవిడా ఏడుస్తుంది అనుకుని గిన్నె అక్కడ పెట్టి వచ్చేశా. మర్నాడు తామరైపాక్కంలో ఆయన్ని ఖననం చేస్తుంటే లైవ్ చూడ్డానికి మా ఇంటికి రమ్మంటే రాలేదు కూడా.

కోరస్ పని ఎలా ఉంటుందో ఆవిడ చెప్తుంటే నాకు అదంతా కొత్త. పొద్దున ఏడింటికల్లా థియేటర్లో ఉండాలి (థియేటర్ అంటే రికార్డింగ్ థియేటర్, నేను మొదట సినిమా హాలనుకున్నా). ఆరుగురో ఎనిమిది మందో ఆడవాళ్ళు, ఒకటే మైకు, చుట్టూ అర్ధచంద్రం లాగా నిలబడాలి, గొంతు పెద్దగా ఉన్నవాళ్ళు ఒకడుగు వెనక్కి. ఈవిడ ఎప్పుడూ వెనకే. చీర గరగర అంటుందని గంజి పెట్టిన చీరలు కట్టుకోకూడదు, గాజులు తీసి హ్యాండ్ బ్యాగులో పెట్టాలి. ఆర్కెస్ట్రా అంతా అదే హాల్లో, వయొలిన్లు, తబలా, వీణ, గాయకుడు ఒక మూల అద్దాల గదిలో, అందరూ ఒకేసారి పాడాలి వాయించాలి, ఎక్కడో ఒక్కరు తడబడితే మొత్తం మళ్ళీ మొదట్నుంచి. పాట చివర్లో వచ్చే కోరస్ తప్పు పడితే, అప్పటిదాకా బాగా పాడిన పెద్ద గాయకుడు కూడా మళ్ళీ పల్లవి నుంచి ఎత్తుకోవాలి, ఆ అయిదు నిమిషాలు హాల్లో ఎవ్వరూ కోరస్ వైపు చూడరంట, చూడకపోవడమే తిట్టు.

మరి పాట ఏదో తెలీకపోవడం ఏంటి అని నా అనుమానం. ఆవిడ చెప్పింది, మాకు చెవుల్లో వినిపించేది మా చోటు వరకే, మిగతా టైమంతా ఎప్పుడు చెయ్యి పడుతుందా అని ఆర్కెస్ట్రా కండక్టర్ చెయ్యి చూస్తా ఉంటాం. సినిమా పేరు అప్పటికి పెట్టి కూడా ఉండరు, కంపెనీ పేరు, నంబరు అంతే. సాయంత్రం కవర్లో డబ్బులు, 12బి బస్సు, ఇంటికొచ్చి పిల్లలకి అన్నం. చక్రవర్తి గారి రికార్డింగులు ఎక్కువ ఉండేవంట, తెలుగువి, ఒక్కోరోజు పొద్దున ఒక హాలు, మధ్యాహ్నం ఇంకో హాలు. తర్వాత తెలుగు వాళ్ళు ఒక్కొక్కళ్ళే హైదరాబాద్ పోయారు, కీబోర్డులు వచ్చి కోరస్ గొంతు కూడా అవే తీయడం మొదలెట్టాయి, ఈవిడ మానేసింది. ఎనభై ఎనిమిదిలో ఒక రోజు కాల్ రాలేదు, తర్వాత రోజూ రాలేదు, అంతే, ఎవరూ మానేయమని చెప్పలేదు అంది.

కరెంటొచ్చాక ఆవిడ ఒక నోట్‌బుక్ చూపించింది. పొడుగు లాంగ్‌బుక్, అట్ట ఊడిపోయి పాత క్యాలెండర్ కాగితంతో మళ్ళీ కుట్టింది. లోపలంతా తెలుగు పాటలు, తమిళ లిపిలో. రేడియోలో వచ్చినప్పుడు విని రాసుకున్నవి. నాకు తమిళం చదవడం బోర్డుల వరకు వచ్చు కాబట్టి వేలు పెట్టి కూడబలుక్కుంటా చదివా. ‘వెన్నెల్లో కోదారి’ అని ఉంది. ‘కో’ నెత్తిన బుల్లి అంకె, 3. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం కదా, శ్లోకాల పుస్తకాల్లో వేసినట్టు పక్కన నంబర్ వేసుకుంటారు, 3 అంటే గ. మరి ‘దా’కి నంబర్ లేదేంటి ఆంటీ అంటే, మాట మధ్యలో వస్తే నోరు దానంతటదే దా అంటుంది, మొదట వచ్చినప్పుడే నంబర్ కావాలి అంది. ఆ పేజీ నేను ఫోటో తీసుకున్నా. గోదారికి నంబర్ ఉండటం నేను అక్కడే చూశా. (బాలు గారు తమిళ పాటలు తెలుగు లిపిలో రాసుకుని పాడేవారని అంటే, ఆయనకేం, మీ లిపిలో అన్నీ ఉండాయి అని మూతి తిప్పింది.)

అప్పట్నుంచి మాకు ఆదివారం సాయంత్రం పని దొరికింది. ఆ ‘ఆ…’ ఏ పాటలోదో కనిపెట్టాలి. ఆవిడకి గుర్తున్న గుర్తులు ఇవి: మగ గొంతు బాలు గారిదే, కోరస్ అయిపోగానే వీణ, పాట కొంచెం విషాదంగా ఉంటుంది, దీపావళి ముందు రోజు రికార్డింగు, ఎందుకంటే ఆ డబ్బుల్తో పెద్ద పిల్లకి పట్టు పావడా కొనింది. దీనికి తోడు ఆ పదిహేను సెకన్లు. ఫోన్లో హమ్ చేస్తే పాట కనిపెట్టే సౌకర్యం ఉంది కదా అని ఆవిడ చేత పాడించా, ఒకసారి ఏదో కొరియన్ పాట చూపించింది, ఇంకోసారి ఒక బజ్జీల యాడ్. ఇంక మనుషులమే వెతకాలి అని, నేను 77 నుంచి 88 దాకా బాలు గారి తెలుగు పాటలు ఏడాది వారీగా పెడతా పోతున్నా. ఎన్నుంటాయో మీకు తెలుసుగా. వారానికి పాతిక పాటలు అవుతాయి, మధ్యలో కాఫీ, మామి వచ్చి నడుమ తమిళ పాట ఒకటి దూరుస్తుంది.

వింటున్నప్పుడు ఆవిడ చెవి చూసి నేను బిత్తరపోయా. నేను పాట వింటా, ఆవిడ పాట వెనక జనాన్ని వింటుంది. ఇందులో ఎనిమిది మంది ఉండారు, మావాళ్ళు ఆరుగురే, తరవాతది పెట్టు. ఇందులో ఎడం పక్క ఆమెకి జలుబు. ఇది కోరస్ కాదు, ఇద్దరే పాడి రెండుసార్లు ఎక్కించినారు. నేను చిన్నప్పట్నుంచి కొన్ని వందల సార్లు విన్న పాటల్లో ఆ గొంతులు ఉన్నాయన్న సంగతే నాకు ఎప్పుడూ పట్టలేదు, వాటిని వాయిద్యాలతో పాటు కలిపి వినేశా. ఇప్పుడు ఏ పాట పెట్టినా ముందు వెనక వరస వినిపిస్తుంది, నాయిక గొంతు మీద మనసు నిలవట్లేదు, ఇదొక కొత్త జబ్బు.

మొన్న సంక్రాంతికి ముందు ఆదివారం దొరికింది. లిస్టులో ఉన్నది కూడా కాదు, ఒక పాట అవగానే యూట్యూబ్ దానంతటదే ఇంకోటి ఎత్తుకుంది, నేను ఆపబోతుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. రెండో చరణం ముందు కోరస్. ఆ… అని పైకెళ్ళి, మెలిక తిరిగి, దిగింది. వెంటనే వీణ. ఆవిడ వేళ్ళు నా మణికట్టు మీద ఎంత గట్టిగా బిగిశాయంటే కాసేపు ఎర్రగా ఉండిపోయింది. ఏమీ మాట్లాడలేదు, మళ్ళీ పెట్టు అంది, పెట్టా, మళ్ళీ పెట్టు అంది. అయిదోసారికి తనూ పాడింది, వెనకడుగు వేసినట్టు కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుని. ఆరోజు సేమ్యా పాయసం చేసి మూడు పోర్షన్లకీ ఇచ్చింది, కోయంబత్తూర్లో ఉన్న కూతురికి వీడియో కాల్ చేసి నీ పట్టు పావడా పాట దొరికింది అని చెప్పింది, అయిరన్ చేసే అతనికి చెప్పింది, పాలబ్బాయికి చెప్పింది, ఆ నెల అద్దె అయిదో తారీఖు ఇచ్చినా నన్ను సార్ అనలేదు.

రాత్రి పడుకోబోయే ముందు ఊరికే ఆ సినిమా ఏ ఏడాదో చూద్దామని చూశా.

1974.

నాలుగు చోట్ల చూశా, అంతే. ఆవిడ మొదలెట్టింది 77లో, పెద్ద పిల్ల పుట్టిందే 75లో. ట్యూన్ కూడా మళ్ళీ చెవి పెట్టి విన్నా, మెలిక తిరిగే చోట మెట్ల మీద ఆవిడ పాడింది వేరు, ఇది వేరు, తేడా చిన్నదే గానీ ఉంది. ఇప్పుడైతే ఆవిడ పాడేటప్పుడు ఈ పాటలో ఉన్నట్టే తిప్పుతుంది.

మా ఆవిడకి మాత్రం చెప్పా. నోరు మూసుకుని పాయసం తిను అంది. మామికి చెప్పలేదు. ఆదివారాలు ఇప్పుడు పని లేదు కదా, అయినా నేను ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మిద్దె మీద మిగతా లిస్టు వింటున్నా, ప్రస్తుతం 1981లో ఉన్నా. బాలు గారి గొంతు, విషాదం, ఆరుగురు ఆడవాళ్ళ ‘ఆ…’, ఆ వెంటనే వీణ, మీకెవరికైనా తడితే చెప్పండి, 77, 88 మధ్యలో. దొరికిన ఆ 74 పాట పేరు మాత్రం రాయను. ఇదంతా ఇంత ధైర్యంగా ఎలా రాస్తున్నానంటే, ఆవిడకి తెలుగు చదవడం రాదు.